ఖాళీ స్థలంలో చెత్త పోసి పోయేవాళ్ళతో ఎలా వేగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంటి పక్కనే మీకు ఖాళీ స్థలం ఉంది. మూడు వైపులా ప్రహరీ, రోడ్డు వైపు మాత్రం బార్లా తెరిచి ఉంది. కొన్ని నెలలుగా రాత్రిళ్ళు ఎవరో చెత్త సంచులు, ఇటుక ముక్కలు, పాత టైర్లు తెచ్చి పడేస్తున్నారు. బోర్డు పెట్టారు, ఎవరూ ఖాతరు చేయలేదు. పక్కింటివాళ్ళ మీద మీకు గట్టి అనుమానం. అంతా ఎత్తి వాళ్ళ గేటు ముందే పోసేయనా, తగలబెట్టేయనా, కెమెరా పెట్టించనా అని అడిగారు. పోతూ పోతూ, గోడ మూలన మూతలు బిగించిన రెండు డ్రమ్ములు కూడా ఉన్నాయని, వాటిలో ఏదో ద్రవం ఉన్నట్టుందని ఒక మాట రాశారు.

నేను వేరేవాళ్ళ ఖాళీ స్థలాలు, అద్దె ఇళ్ళు చూసిపెట్టే పనిలో ఏళ్ళుగా ఉన్నాను. కాబట్టి మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను.

ఆ డ్రమ్ముల దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దు. మూత తీసి చూడటం, వాసన చూడటం, పక్కకి దొర్లించడం, ఏదీ చేయొద్దు. గాలి మీ వైపు నుంచి డ్రమ్ముల వైపు వీచేలా నిలబడి, దూరం నుంచే ఫొటో తీయండి. లేబుల్ ఏమైనా కనిపిస్తుంటే జూమ్ చేసి తీయండి. అగ్నిమాపక శాఖకో, మీ ప్రాంతంలో ప్రమాదకర వ్యర్థాలు చూసే శాఖకో ఈరోజే ఫోన్ చేసి "ఏముందో తెలియని ద్రవం, ఎవరో వదిలేసి పోయారు" అని చెప్పండి. సంచులు పడేసేవాడు బద్ధకంతో పడేస్తాడు. డ్రమ్ములు వదిలేసేవాడు, వాటిని సరైన చోట అప్పగిస్తే డబ్బు కట్టాలని, ప్రశ్నలు ఎదుర్కోవాలని తెలిసి వదిలేస్తాడు. వాడిన ఇంజిన్ ఆయిల్ కావచ్చు, పెయింటు సాల్వెంట్ కావచ్చు, యాసిడ్ కావచ్చు. బయట నుంచి చూసి చెప్పే విద్య మీకూ లేదు, నాకూ లేదు.

ఇక తగలబెట్టడం గురించి. వద్దు. పీవీసీ పైపులు, వైర్ల తొడుగులు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, డయాక్సిన్లు అనే విష పదార్థాలు కూడా పుడతాయి. చెత్తను ఆరుబయట కాల్చడాన్ని డయాక్సిన్లు పుట్టే మార్గాల్లో ఒకటిగా విష రసాయనాల మీద దేశాలు కుదుర్చుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం పేరు పెట్టి మరీ చెప్పింది. చెదలు పట్టకుండా రసాయనం పట్టించిన పాత కలప అయితే అందులో ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఉంది. అది పొగలోనూ పోతుంది, బూడిదలోనూ మిగులుతుంది. సంచిలో ఒక స్ప్రే డబ్బానో, ఫోన్ బ్యాటరీనో ఉంటే పేలుతుంది. పైగా పోసింది ఎవరో తెలియదు కానీ కాల్చింది ఎవరో మాత్రం వీధంతా చూస్తుంది.

పక్కింటి గేటు ముందు పోయడం ఇంకా అన్యాయం. మీ అనుమానం నిజమే అనుకుందాం. పోసిన క్షణం నుంచి వాళ్ళ ఫిర్యాదు మీ ఫిర్యాదు కన్నా బలంగా తయారవుతుంది. ఎందుకంటే మీ దగ్గర ఉన్నది అనుమానం, వాళ్ళ దగ్గర ఉండేది మీరు చెత్త పోస్తున్న వీడియో. అనుమానం తప్పయితే సంగతి చెప్పనక్కర్లేదు.

కుప్పను చదవడం

అసలు పోసేది ఎవరు అన్నది ముందు కుప్పే చెబుతుంది. ఏమీ కదపకముందే ఒకసారి పగటి వెలుతురులో నింపాదిగా చూడండి.

గోడకి ఆనుకుని, చిందరవందరగా, కొన్ని సంచులు చిరిగి పడి ఉన్నాయంటే గోడ మీద నుంచి విసిరారన్నమాట. గోడ పైభాగంలో మరకలు, గీతలు కూడా కనిపిస్తాయి. రోడ్డు అంచునే, ముడి గట్టిగా వేసిన చిన్న సంచులు వరసగా పడి ఉంటే పొద్దున్నే పనికి పోతూ బండి ఆపకుండా జారవిడిచేవాళ్ళ పని. స్థలం లోపలికి వచ్చి, కుప్ప ఒకే పోతగా శంఖాకారంలో నిలబడి, దాని ముందు జంట టైర్ల జాడలు ఉంటే టిప్పరో ట్రాలీయో వెనక్కి వచ్చి ఎత్తి పోసి పోయింది. ఆ జాడల మధ్య వెడల్పు ఫొటోలో తెలిసేలా పక్కన ఒక కొలత టేపు పరిచి తీయండి. పరుపు, సోఫా, విరిగిన బీరువా కలిసి వచ్చాయంటే దగ్గర్లో ఎవరో ఇల్లు ఖాళీ చేశారు. ఒకే రకం సరుకు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, అంటే ఒకే సైజు అట్టపెట్టెలు, ఒకే రంగు బట్టముక్కలు, కత్తిరించిన జుట్టు, అది ఇంట్లోంచి వచ్చింది కాదు. ఏదో వ్యాపారం తన చెత్త ఖర్చును మీ మీదికి నెట్టేస్తోంది.

పొరలు కూడా చూడండి. అడుగున ఉన్నది వానకి తడిసి, ఎండకి రంగు వెలిసి, మధ్యలోంచి గడ్డి మొలిచి ఉంటే మీరు గమనించక ముందు నుంచే ఇది సాగుతోంది. పైపైన ఉన్నదాని స్వభావం అడుగున ఉన్నదాని కన్నా వేరుగా ఉంటే, మొదట ఒకడు పోశాడు, వాడిని చూసి మిగతావాళ్ళు మొదలెట్టారు. నేను చూసిన పాత కుప్పల్లో ఎక్కువ ఈ రకమే. మీరు రాసినదాన్ని బట్టి మీదీ ఇదే అనిపిస్తోంది. సంచులు, ఇటుక ముక్కలు, టైర్లు, డ్రమ్ములు, వీటన్నిటినీ ఒకే మనిషి తేవడం కష్టం. పక్కింటివాళ్ళు తప్పు చేసి ఉంటే ఆ సంచుల వరకే చేసి ఉంటారు. పక్కన ఉండేవాళ్ళు టైర్లు, డ్రమ్ములు ఎక్కణ్ణుంచి తెస్తారు?

సంచుల్లో వెతికితే పేరు, చిరునామా ఉన్న కవరో, కొరియర్ లేబులో, మందుల చీటీనో దొరుకుతుందని అందరూ చెబుతారు. దొరుకుతుంది కూడా. కానీ రెండు హెచ్చరికలు. ఒకటి, చేతులతో సంచిలోపల తడమొద్దు. సిరంజి సూదులు, పగిలిన గాజు ఉంటాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. సూదులు గుచ్చుకోని మందపాటి చేతి తొడుగులు వేసుకుని, సంచిని ఒక పట్టా మీద బోర్లించి, కర్రతో పరచి చూడండి. ముడతలు తేలిన పాత సిమెంటు రేకులు కనిపిస్తే వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం. వాటిని విరగ్గొట్టొద్దు, చీపురుతో ఊడ్వొద్దు, తెలిసినవాళ్ళకి అప్పగించండి.

రెండు, కవరు మీద ఉన్న పేరు పోసినవాడి పేరే కానక్కర్లేదు. ఆ మనిషి ఎవరో ట్రాలీవాడికి డబ్బిచ్చి "తీసుకుపో" అని ఉంటాడు, వాడు దగ్గర్లో ఉన్న మీ స్థలంలో కుమ్మరించి ఉంటాడు. ఇంగ్లండులో అయితే ఇంటి చెత్తను అనుమతి ఉన్నవాళ్ళకే అప్పగించేలా చూసుకోవడం ఇంటివాళ్ళ బాధ్యతని చట్టమే చెబుతుంది. అన్నిచోట్లా అలా లేదు. అందుకని ఆ చిరునామాకి వెళ్ళి "మీరే పోశారు" అనకండి. "మీ కాగితాలు మా స్థలంలో దొరికాయి, చెత్త ఎవరికిచ్చారు?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు వస్తుంది. మొదటిదానికి తలుపు మూసుకుంటుంది. దొరికిన కాగితాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు. వాటిలో వేరేవాళ్ళ ఆరోగ్యం, బ్యాంకు వివరాలు ఉంటాయి. ఫిర్యాదుతో పాటు అధికారులకి ఇవ్వండి, అంతే.

ఎత్తించాల్సింది ఎవరు?

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. చాలా దేశాల్లో, పోసినవాడు దొరక్కపోతే ప్రైవేటు స్థలంలోని చెత్తను తీయించే భారం యజమాని మీదే పడుతుంది. స్థానిక సంస్థ వీధిలోది ఎత్తుతుంది, మీ గోడ లోపలిది ఎత్తదు. పైగా కంపు వస్తోందనో, దోమలు పెరిగాయనో చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదు చేస్తే నోటీసు మీకే వస్తుంది.

ఇది అధికారుల దబాయింపు అనుకోకండి, న్యాయసూత్రం వెనకాల ఉంది. 1940లో బ్రిటన్‌లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక కేసు తేల్చింది. ఒకరి భూమిలోని కాలవలో, యజమానిని అడక్కుండానే వేరేవాళ్ళు పైపు వేశారు. చెత్త అడ్డుపడకుండా పెట్టాల్సిన జాలీని పెట్టాల్సిన చోట పెట్టలేదు. ఒకరోజు పెద్ద వాన పడింది, పైపు మూసుకుపోయింది, పొరుగువాళ్ళ స్థలం మునిగింది. పైపు వేసింది తాము కాదని యజమానులు వాదించారు. నిజమే, వేసింది మీరు కాదు, కానీ అది అక్కడుందని తెలిసీ ఊరుకున్నారు కాబట్టి బాధ్యత మీదే అని తీర్పు వచ్చింది. బ్రిటిష్ న్యాయసంప్రదాయం నడిచే చాలా దేశాల్లో ఈ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. అమెరికాలో ప్రమాదకర రసాయనాల విషయంలో 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ఇంకా కఠినం. పోసింది ఎవరైనా, శుద్ధి ఖర్చుకి ఇప్పటి యజమానిని కూడా పట్టుకోవచ్చు. తెలియగానే తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించగలిగినవాడికే తప్పించుకునే దారి ఉంటుంది.

కాబట్టి, "నేను చూశాను, వెంటనే చెప్పాను, నా వంతు చేశాను" అని రుజువు చేసే కాగితం మీ చేతిలో ఉండాలి. ఎత్తించే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. వాటిలో ఒకటి మీ ఇల్లో, కరెంటు స్తంభమో కనిపించేంత దూరం నుంచి ఉండాలి. దగ్గర నుంచి మాత్రమే తీస్తే అది ఎక్కడి కుప్పో ఎవరికీ తెలియదు. తేదీ, సమయం, ఏముంది, ఎంతుంది అని ఒక నోటుబుక్కులో రాయండి. ఫిర్యాదు ఫోన్లో చేసినా, తర్వాత రాతపూర్వకంగా కూడా పంపి నంబరు తీసుకోండి. ప్రతి కొత్త కుప్పకీ కొత్త ఫిర్యాదు. పాత ఫిర్యాదు మీదే నెలల తరబడి తిరిగితే రికార్డులో అది ఒక్క సంఘటనగానే ఉంటుంది. ఒకే చోటు మీద వరసగా ఫిర్యాదులు ఉంటే మాత్రం, రాత్రి గస్తీలో ఆ వీధిని చేర్చమని అడగడానికి మీకు ఆధారం దొరుకుతుంది.

ఎత్తించేటప్పుడు కూడా మీరు పిలిచిన బండి ఆ చెత్తను ఎక్కడికి తీసుకెళ్తుందో అడగండి, రశీదు తీసుకోండి. అందరికన్నా తక్కువకి ఒప్పుకున్నవాడు దాన్ని ఇంకొకరి ఖాళీ స్థలంలో పోస్తాడు. ఆ సంచుల్లో ఈసారి మీ చిరునామా కూడా ఉండొచ్చు.

ఎంత త్వరగా ఎత్తితే అంత మంచిది

రాత్రిపూట బండి వేసుకొచ్చేవాడికి మీరెవరో తెలియదు, మీ మీద కక్షా లేదు. వాడు చూసుకునేవి మూడే: బండి నేరుగా లోపలికి వెళ్తుందా, దించేంతసేపు ఎవరి కంటా పడకుండా ఉండొచ్చా, అక్కడ ఇప్పటికే ఏమైనా పడి ఉందా. మూడోదే అన్నిటికన్నా బలమైన పిలుపు. పడున్న కుప్ప, ఇక్కడ పోస్తే ఎవరూ ఏమీ అనరని వాడికి చెబుతుంది. మీ బోర్డు వద్దంటుంది, దాని కిందున్న కుప్ప పర్లేదంటుంది. మనుషులు కుప్ప మాటే వింటారు.

దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో కెయిజర్ అనే పరిశోధకుడు, తన సహచరులతో కలిసి ఒక సందులో ఆపి ఉన్న సైకిళ్ళ హ్యాండిళ్ళకి పనికిరాని కరపత్రాలు కట్టి చూశాడు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చిరాతలు రాసి ఉంచినప్పుడు 69 శాతం మంది పడేశారు. ఆ గోడ మీద రాయకూడదన్న బోర్డు రెండుసార్లూ అక్కడే ఉంది. 2008లో సైన్స్ పత్రికలో ఇది అచ్చయింది. అమెరికాలో చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1990లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ, చెత్తగా ఉన్న చోట ఎక్కువమంది పడేశారు, శుభ్రంగా ఉన్న చోట తక్కువమంది. మీ బోర్డు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కుప్ప ఉండగా పెట్టిన బోర్డు, అందరూ కాదని పోతున్న బోర్డు.

అందుకని క్రమం ఇది. ముందు మొత్తం ఖాళీ చేయించండి, సగం సగం కాదు. పొదలు కొట్టించి నేల చదును చేయించండి. ఆ తర్వాతే బోర్డు. తర్వాత కొన్ని వారాలు కాపలా అవసరం. ఒక్క సంచి పడినా, ఫొటో తీసి, మర్నాడు పొద్దుటికల్లా ఎత్తేయాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు. పెద్ద కుప్పకి డబ్బు పెట్టి ఎత్తిస్తారు, చిన్న సంచిని చూసి "ఇంకొంచెం పోగయ్యాక చూద్దాం" అంటారు. ఆ చిన్న సంచే తర్వాతి కుప్పకి కొబ్బరికాయ కొట్టినట్టు.

టైర్లు మాత్రం మిగతావాటి కోసం ఆపకుండా మొదటే పంపేయండి. వాన నీళ్ళు టైరు లోపలి మడతలో ఎలా నిలుస్తాయంటే, ఎటు తిప్పి వంచినా కొన్ని మిగిలే ఉంటాయి. నీడ, నిలవ నీరు, డెంగీని మోసే ఏడిస్ దోమకి అంతకన్నా ఏం కావాలి. గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వెచ్చటి వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు. టైరు ఎండిపోయినా లోపలి గోడకి అంటుకున్న గుడ్లు నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి.

బండి రాకుండా చేయడం

డబ్బు తక్కువుంటే కెమెరా కన్నా ముందు దీనికే పెట్టండి. మూడు వైపులా గోడ ఉందన్నారు కాబట్టి మీ పని సులువు. రోడ్డు వైపు గేటు పెట్టించగలిగితే సరే. లేదంటే ఇద్దరు మనుషులు దొర్లించలేనంత బండరాళ్ళను, వాటి మధ్య బండి పట్టనంత దూరంలో వరసగా వేయించండి. సొంత వాడకానికి మధ్యలో తాళం వేసే ఇనుప స్తంభం ఒకటి, తీసి పెట్టుకునేలా ఉంచుకోవచ్చు. గొలుసు ఒక్కటే కడితే కత్తిరిస్తారు. పైగా చీకట్లో ద్విచక్రవాహనం వాళ్ళకి గొలుసు కనపడదు, మెడకి తగిలితే ప్రాణాలు పోతాయి. కట్టక తప్పకపోతే దానికి మెరిసే పట్టీలు వేలాడదీయండి. హద్దు లోపలే వేయండి. రోడ్డు అంచున నడిచే దారినీ, మురికికాలవనీ, పక్కవాళ్ళకి హక్కున్న బాటనీ మూయొద్దు.

గాజుపెంకులు పరచడం, మేకులు పాతిన చెక్కలు దాచిపెట్టడం, కరెంటు తీగ కట్టడం లాంటి ఆలోచనలు కోపంలో అందరికీ వస్తాయి. 1971లో అమెరికాలోని అయోవా రాష్ట్ర సుప్రీం కోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది. ఎవరూ ఉండని తమ పాత ఇంట్లో దొంగతనాలు ఆగడం లేదని యజమానులు తలుపు తీస్తే పేలేలా తుపాకి అమర్చారు. లోపలికి దూరినవాడి కాలు ఛిద్రమైంది. వాడు దొంగతనానికే వచ్చానని ఒప్పుకున్నాడు కూడా. అయినా యజమానులే వాడికి 30,000 డాలర్ల పరిహారం కట్టాలన్న తీర్పును కోర్టు ఖాయం చేసింది. మీ స్థలంలోకి బంతి కోసం పిల్లలు కూడా వస్తారు, గుర్తుపెట్టుకోండి.

దీపం విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. రాత్రంతా వెలిగే దీపం వాడికి పని చేసుకునే వెలుతురిస్తుంది. ఎవరూ చూడని చోట అది దండగ. మనిషి కదిలితే వెలిగేది పెట్టండి. ఉన్నట్టుండి వెలుగు పడితే వాడూ ఉలిక్కిపడతాడు, ఎదురింటివాళ్ళూ కిటికీలోంచి చూస్తారు.

బోర్డు మీద శాపనార్థాలు, తిట్లు రాయొద్దు. అవి చదివి నవ్వుకుంటారు. "ప్రైవేటు స్థలం. చెత్త వేయరాదు. కెమెరా ఉంది. చూసినవాళ్ళు ఈ నంబరుకి తెలపండి" అని, చట్టంలో జరిమానా ఉంటే అది ఎంతో కూడా రాయండి. మీ సొంత నంబరు కన్నా స్థానిక సంస్థ ఫిర్యాదు నంబరు వేయడం మేలు. కెమెరా లేకుండా కెమెరా ఉందని రాయకండి. అది నాలుగు రోజుల్లో తేలిపోతుంది, ఆ తర్వాత బోర్డులో నిజమైన మాటలకి కూడా విలువ ఉండదు.

కెమెరా పెడితే

మామూలు ఇంటి కెమెరా రాత్రిపూట బండిని చూపిస్తుంది, నంబరు ప్లేటును చూపించదు. ప్లేటు కాంతిని వెనక్కి కొట్టేలా తయారవుతుంది కాబట్టి చీకట్లో చూడటానికి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దాని మీద పడి, వీడియోలో ఒక తెల్లటి దీర్ఘచతురస్రం మాత్రమే మిగులుతుంది. దుకాణంలో చూపించే పగటి వీడియో చూసి మోసపోకండి. నంబరు కావాలంటే ఒక కెమెరాను ప్రత్యేకంగా బండి తప్పనిసరిగా వచ్చే చోటుకి, తక్కువ వెడల్పు కనిపించేలా, ప్లేటుకి వీలైనంత ఎదురుగా గురిపెట్టాలి. షట్టర్ వేగం పెంచి, వెలుతురు తగ్గించి పెట్టాలి. అందులో మిగతా దృశ్యం నల్లగా ఉంటుంది, ఫరవాలేదు. చెత్త దించడం చూపించడానికి, మొదటి కెమెరాను ఎవరైనా ఎత్తుకుపోతే వాడిని చూపించడానికి రెండోది పైనుంచి ఉండాలి. అడవి జంతువుల్ని ఫొటో తీయడానికి పెట్టే, బ్యాటరీతో నడిచే కెమెరాలు కూడా వాడొచ్చు. వాటి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో 850 నానోమీటర్ల రకం రాత్రి సన్నగా ఎర్రగా మెరుస్తుంది, 940 రకం కంటికి కనపడదు, కానీ దూరం తక్కువ అందుతుంది.

బిగించాక ఒక రాత్రి మీరే మీ బండి వెనక్కి నడిపి, దీపాలు వేసి, ఆర్పి, రెండు రకాలుగా పరీక్షించుకోండి. ఆ నంబరు మీకే చదవడానికి రాకపోతే పోలీసులకీ రాదు.

కెమెరా మీ స్థలాన్నే చూడాలి. పక్కింటి కిటికీలు, వాకిలి అందులో పడితే కథ తిరగబడుతుంది. ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2014లో, ఇంటికి పెట్టుకున్న కెమెరా అయినా బయటి దారిని కూడా రికార్డు చేస్తుంటే అది పూర్తిగా సొంతింటి వ్యవహారం కాదని, సమాచార రక్షణ చట్టం దానికి వర్తిస్తుందని చెప్పింది. మీరున్నచోట నిబంధన ఏమిటో చూసుకోండి. వీడియోను అధికారులకి మాత్రమే ఇవ్వండి.

పోస్తుండగా మీరే చూస్తే? దగ్గరికి వెళ్ళొద్దు. టిప్పరులో ఇద్దరు ముగ్గురుంటారు, చేతిలో పారలుంటాయి. లోపల్నుంచే బండి నంబరు, రంగు, టైము రాసుకుని ఫోన్ చేయండి. ఇటుక ముక్కలు, పెచ్చులు తాజాగా ఉంటే మర్నాడు పగలు చుట్టుపక్కల వీధులు ఒక చుట్టు తిరగండి. ఎక్కడో ఇల్లు పడగొడుతుంటారు, లేదా బాత్రూమ్ టైల్స్ మారుస్తుంటారు. మీ కుప్పలో ఉన్న టైలు రంగు అక్కడి గుట్టలోనూ కనిపిస్తే మేస్త్రీతో కాదు, ఆ ఇంటి యజమానితో మాట్లాడండి. చెత్త తరలించడానికి తాను ఇచ్చిన డబ్బు ఎవరో మింగేశారని ఆయనకి అప్పుడే తెలుస్తుంది. ఆయనకి వచ్చే కోపం మీ పని చేసిపెడుతుంది.

పక్కింటివాళ్ళతో

ఇప్పటిదాకా చెప్పిందంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ గురించి. పక్కింటివాళ్ళ దగ్గర ఈ లెక్క పనిచేయదు. వాళ్ళకి గోడా, బండరాయీ అడ్డం కావు. రోజూ మొహం చూసుకోవాలి కూడా.

మొదటిసారి ఒక్కరే వెళ్ళండి, పగటిపూట, చేతిలో ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తున్నట్టు కాకుండా. నిందతో కాదు, సాయం అడుగుతున్నట్టు మొదలెట్టండి: "ఏవండీ, మా స్థలంలో ఎవరో చెత్త పోస్తున్నారు. దోమలు మీకూ మాకూ ఒకేలా వస్తున్నాయి. ఈ శనివారం అంతా ఎత్తిస్తున్నాను, గేటు పెట్టిస్తున్నాను. రాత్రిపూట ఏదైనా బండి కనిపిస్తే నాకో మాట చెబుతారా?" ఈ నాలుగు మాటల్లో మూడు పనులు జరుగుతాయి. మీరు గమనిస్తున్నారని వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు పోస్తుంటే, పరువు పోకుండా మానేయడానికి సందు దొరుకుతుంది. పోయకపోతే, మీకు ఒక కాపలాదారు దొరికినట్టే. సంచులు వేసే పొరుగువాళ్ళలో చాలామంది ఇక్కడే, ఏమీ ఒప్పుకోకుండానే మానేస్తారు. మీకు కావలసింది ఒప్పుకోలు కాదు కదా.

వాళ్ళు మానలేదు, పైగా మీరు కళ్ళారా చూశారు కూడా అనుకుందాం. అప్పుడు చూసింది చూసినట్టు చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అనొద్దు, "మంగళవారం పొద్దున్న మీ అబ్బాయి గోడ మీద నుంచి నీలం సంచి వేయడం చూశాను" అనండి. కారణం కూడా అడగండి. చెత్తబండి వచ్చే వేళకి ఇంట్లో ఎవరూ ఉండరేమో, డబ్బా నిండిపోతోందేమో, పనిమనిషి చేస్తున్న సంగతి వాళ్ళకే తెలియదేమో. కారణం దొరికితే పరిష్కారం చిన్నదే. దొరకకపోతే, ఆ మాటలే తేదీలతో ఒక ఉత్తరంగా రాసి ఇచ్చి, నకలు దాచుకోండి. అద్దెకున్నవాళ్ళయితే ఇంటి యజమానికి ఒక నకలు. ఆ తర్వాతే అధికారులు, లేదా ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషో మధ్యవర్తో. కోర్టుదాకా పోయే ముందు ఒక్క సంగతి ఆలోచించుకోండి: స్థలం అమ్మేటప్పుడు, పొరుగువాళ్ళతో తగాదా ఉందా అని కొనేవాళ్ళు తప్పక అడుగుతారు.

చివరగా, ఖాళీగా వదిలేసిన స్థలం ఎన్ని బండరాళ్ళు వేసినా మళ్ళీ మళ్ళీ పరీక్షకు గురవుతుంది. రోజూ ఒక మనిషి తిరిగే చోట ఎవరూ పోయరు. కట్టుకునే ఉద్దేశం ఇప్పట్లో లేకపోతే, కూరగాయల మడులకో, బళ్ళు నిలుపుకోవడానికో దగ్గర్లోవాళ్ళకి వాడుకోనివ్వండి. ఆ పక్కింటివాళ్ళకే ఇచ్చినా నాకు ఆశ్చర్యం లేదు. తమ బండి నిలిపే చోట తామే చెత్త వేసుకోరు, వేరేవాళ్ళనూ వేయనివ్వరు. నోటిమాట మీద మాత్రం ఇవ్వకండి. ఏళ్ళ తరబడి అడ్డు చెప్పకుండా వాడుకోనిస్తే అదే హక్కుగా మారే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, నా అనుమతితో మాత్రమే, అడిగినప్పుడు ఖాళీ చేయాలి, స్థలం శుభ్రంగా ఉంచాలి అని ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఏటా తేదీ మార్చి మళ్ళీ రాసుకోండి.